ఉప్పు పడని బండి

నవంబరు పదకొండో తేదీ ఉదయం లోథార్ మెర్టెస్ వేసుకున్న పథకంలో చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు. పొద్దున్నే పొరుగింటి యుప్ ట్రాక్టరుకు ట్రాలీ తగిలించుకుని వస్తాడు. ఇద్దరూ కలిసి మోటారుసైకిలును దాని మీదికి ఎక్కిస్తారు. ఊరికి ఆ చివరనున్న చర్చివారి పాత ధాన్యపు కొట్టులో దింపి, దుప్పటి కప్పి, తాళం వేసి, భోజనం వేళకు ఇళ్ళకు చేరుకుంటారు. సాయంత్రానికి మంచు పడుతుందని రేడియో చెప్పింది. మంచు పడితే, దాన్ని కరిగించడానికి రోడ్డు మీద ఉప్పు పడుతుంది; ఉప్పు తగిలిన ఇనుము తుప్పు పడుతుంది. ఉప్పు పడేలోగా బండి రోడ్డుకు దూరమైపోవాలి.

బండిని నడుపుకుంటూ వెళ్ళవచ్చు కదా అని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. దాని నంబరు పలక కుడి అంచున మూడు, పది అనే అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మార్చి మొదలు అక్టోబరు దాకానే దానికి రోడ్డు మీద ఉనికి. తక్కిన నెలల్లో అది రోడ్డు మీద నడిచినా తప్పే, నిలిచినా తప్పే. ట్రాలీ మీద ఉంటే మాత్రం అది వాహనం కాదు, సరుకు. బడిలో లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పి విరమించిన మెర్టెస్‌కు ఈ తేడా ఎంతో సబబుగా తోచేది.

బండి నల్లటిది. అతని తండ్రి కొన్నది. ఆయన దుకాణాలకు బోర్డులు రాసి బతికినవాడు. టాంకు మీదా, ముందు మడ్‌గార్డు మీదా ఉన్న తెల్లటి గీతలు ఆయన కొలబద్ద పెట్టకుండా కుంచెతో లాగినవే. మడ్‌గార్డు మీది గీత ఒకచోట వెంట్రుకవాసి వంకరపోయింది. సరిగ్గా అప్పుడే ఆయనకు నవ్వొచ్చిందట. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు. ఆ గీతను, ముఖ్యంగా ఆ వంకరను, మళ్ళీ గీయగలవారు లేరు. దాని మీద ఒక్క ఉప్పురవ్వ పడకూడదన్నది మెర్టెస్‌కు మిగిలిన ఏకైక మతమని భార్య ఇర్మా అంటూ ఉండేది.

అటువంటిది, పోయిన వసంతంలో దుప్పటి తీసి చూస్తే సైలెన్సరును పట్టి ఉంచే కొక్కెం మీద తుప్పు మచ్చ కనిపించింది. మెర్టెస్ కంగారు పడలేదు, పరిశోధించాడు. బడిలో రసాయనశాస్త్రం చెప్పిన మిత్రుడు ఇచ్చిన వెండి నైట్రేటు సీసా ఒకటి అతని దగ్గర ఉంది. అనుమానమున్న చోటును తడిదూదితో తుడిచి, పిండిన నీటిలో ఆ మందు ఒక చుక్క వేస్తే, ఉప్పుంటే నీరు పాలలా మారుతుంది. మారింది. బండి ఉండే షెడ్డు తలుపు రోడ్డుకు మరీ దగ్గర. నేరం రుజువైంది, నేరస్థుడు దొరికాడు. ఊళ్ళో ఉప్పు చల్లడం మానాలని మెర్టెస్ పంచాయతీకి పిటిషను పెట్టాడు. బదులు రాలేదు కనుక దాన్ని చెత్తబుట్టలో వేసి ఉంటారని తీర్మానించుకుని, తన జాగ్రత్తలు తాను రెట్టింపు చేసుకున్నాడు. గాలి ఆడే మందపాటి ఎర్ర దుప్పటి. దాని లోపల, సరిగ్గా సైలెన్సరు కింద, ఏటా పెట్టే తేమ పీల్చే డబ్బా. డబ్బా పైభాగంలో తెల్లటి గుళికలుంటాయి. గాలిలోని తేమ వాటికి పట్టి, చుక్కచుక్కగా కింది గిన్నెలోకి దిగుతుంది. ఆ గిన్నె నిండుతున్నకొద్దీ మెర్టెస్‌కు నిశ్చింతగా ఉండేది.

"ఇదిగో కొట్టు తాళంచెవి," అంది ఇర్మా, కాఫీ పోస్తూ. ఆమె చర్చి సంఘానికి కార్యదర్శి. గుర్రమెక్కిన పునీతుడి వేషం వెంట పిల్లలు లాంతర్లతో నడిచే ఆ సాయంత్రపు పునీత మార్టిన్ ఊరేగింపు బరువంతా ఆమె మీదే ఉంది. "సంఘంలో ఒకరిద్దరు గొణిగారు. చర్చిలోంచి పేరు కొట్టేయించుకుని పోయినవాడికి మన కొట్టెందుకని."

"నాక్కాదుగా. బండికి."

"నేనూ అదే చెప్పాను. పేరు కొట్టేయించుకున్నది మా ఆయన, బండి కాదు అని. దాంతో నోళ్ళు మూతపడ్డాయి. ఊరేగింపు ఐదింటికి. అప్పటికి నువ్వూ నీ బండీ నా దారికి అడ్డం రాకపోతే చాలు."

"మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాను."

"చూద్దాం," అంది ఇర్మా. ఆ మాటను ఆమె పెళ్ళయిన నాటి నుంచీ ఒకే స్వరంలో అంటోంది.

యుప్ చెప్పిన వేళకే వచ్చాడు. మెర్టెస్ దగ్గర చదువుకుని, లెక్కల్లో తప్పి, పాడిపశువుల్లో నెగ్గినవాడు అతను. చలికాలంలో పంచాయతీ తరఫున రోడ్ల మీది మంచు తోయడమూ, జనం జారకుండా చల్లాల్సింది చల్లడమూ అతని పనులే.

"ఎక్కించేద్దామా మాస్టారూ?"

మెర్టెస్ ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగాడు. చెక్కల సందుల్లో ఏదో తెల్లగా కనిపించింది.

"పోయిన చలికాలం ఇందులో ఏం మోశావోయ్?"

యుప్ టోపీ సర్దుకున్నాడు. "ఉప్పు బస్తాలేనండీ. కానీ మాస్టారూ, ఈ యేడు ఉప్పు సంగతేంటంటే..."

"ఆగు." మెర్టెస్ అప్పటికే సందులో దూది దోపాడు. గాజు గొట్టంలో చుక్క పడింది. నీరు పాలయింది. "చూశావా! ఉప్పు తప్పించడానికి బండిని తెచ్చి ఉప్పులోనే ఊరేయమంటావా?"

"అడుగున ఓ పట్టా పరుద్దాం."

"కడగాలి."

"ఇవాళా? బయట గడ్డకట్టేస్తోంది కదండీ!"

"పారే నీళ్ళు అంత తొందరగా గడ్డకట్టవు. తొమ్మిదో తరగతిలోనే చెప్పాను."

"ఆ పాఠంలోనేగా నేను తప్పింది," అన్నాడు యుప్, దిగులుగా ట్రాక్టరు వెనక్కి తిప్పుతూ.

ట్రాలీని యుప్ పెరట్లో, గుర్రపుశాలకూ వీధి గేటుకూ మధ్యనున్న వాలులో నిలిపి కడిగారు. మెర్టెస్ నియమం సరళమైనది: ఆఖరు కడుగు నీటిలో చుక్క వేస్తే తెల్లబడకూడదు. మొదటిసారి పాలు వచ్చాయి. రెండోసారి నీళ్ళపాలు వచ్చాయి. ఆ పైన ఎన్నిసార్లు కడిగినా, ఎంత నీరు కుమ్మరించినా, గొట్టంలో పొగమంచు లాంటి పల్చటి తెలుపు మాత్రం పోలేదు.

"మొండి ఉప్పు," అన్నాడు మెర్టెస్.

"నా చేతులు మొద్దుబారిపోయాయి మాస్టారూ. పోనీ, మా కుళాయి నీళ్ళలోనే ఉందేమో."

మెర్టెస్ ఒక్క క్షణం ఆగి, కుళాయి నీటిని తిన్నగా గొట్టంలో పట్టి చుక్క వేశాడు. అదే పల్చటి తెలుపు. తాను అంతసేపూ కడుగుతున్నది కుళాయి నీటిని కుళాయి నీటితోనే అని అతనికి బోధపడింది. ప్రయోగానికి ముందు పోల్చి చూసుకోవడానికి ఒక స్వచ్ఛమైన నమూనా ఉండాలన్న సంగతిని ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు చెప్పిన మనిషి ఈ పొరపాటును యుప్ ముందు ఒప్పుకోవడం అవసరమని భావించలేదు. "ఇక చాలు, తుడిచేద్దాం," అన్నాడు ఉదారంగా.

ట్రాలీని తుడిచి, మెర్టెస్ ఇంటికి లాక్కొచ్చి, బండిని ఎక్కించి, తాళ్ళతో బిగించి, దుప్పటి కప్పేసరికి భోజనం వేళ దాటింది. డబ్బాను మెర్టెస్ స్వయంగా, తొణకకుండా, సైలెన్సరు కింద అమర్చాడు. ఇక కదలడమే తరువాయి. అప్పుడు యుప్ కూతురు స్వెన్యా ఎర్ర శాలువాతో, అట్ట శిరస్త్రాణంతో, పరుగున వచ్చింది. ఆ ఏడు పునీత మార్టిన్ ఆమే, ఎక్కాల్సిన గుర్రం వాళ్ళ మొరిట్జ్.

"నాన్నా! మన గేటు దగ్గరంతా అద్దంలా ఉందేంటి? మొరిట్జ్ కాలు పెట్టి జారాడు. మళ్ళీ లోపలికెళ్ళిపోయి నిలబడ్డాడు. కదలనంటున్నాడు!"

యుప్ మెర్టెస్ వైపు చూశాడు. మెర్టెస్ ఆకాశం వైపు చూశాడు. పారే నీరు గడ్డకట్టదన్నది నిజమే కానీ, పారడం ఆగిన తరువాత దాని ఇష్టం దానిదన్న భాగాన్ని అతను ఆ రోజు పాఠంలో చేర్చలేదు.

గడ్డి పరిచారు. పొయ్యి బూడిద పోశారు. చెక్కలు వేశారు. మొరిట్జ్ అన్నిటినీ ఓపిగ్గా వాసన చూసి, తల ఊపి, కొట్టంలోనే ఉండిపోయాడు. ఈలోగా మంచు మొదలైంది. పంచాయతీ పెద్ద యుప్‌కు ఫోను చేసి, దారంతా చల్లితే తప్ప పిల్లల ఊరేగింపుకు ఒప్పుకోనన్నాడు. యుప్ ట్రాలీని మెర్టెస్ గుమ్మం ముందే వదిలేసి, ట్రాక్టరు వెనక చల్లే యంత్రం బిగించుకోవడానికి పరుగెత్తాడు.

ఇర్మా వచ్చేసరికి వీధి నిండా పిల్లలు, చేతుల్లో కాగితం లాంతర్లు, పక్కన బాకాల మేళం, అగ్నిమాపక దళం వాళ్ళు. గుర్రం మాత్రం లేదు. జరిగింది విని ఆమె కేకలు వేయలేదు. ట్రాలీ వైపు తిరిగింది.

"దానికి జీను ఉందిగా."

"ఇర్మా, అది సీటు."

"ఎక్కితే కూర్చోవచ్చు కదా?"

"అది ఊరేగే వస్తువు కాదు."

"గుర్రాన్ని కొట్టంలో కూర్చోబెట్టింది ఎవరు, లోథార్? ఈ పిల్లలు నెల నుంచి పాటలు నేర్చుకున్నారు. వెళ్ళి చెప్పు వాళ్ళకి, ఉప్పు కడుగుతూ గుర్రాన్ని ఆపేశానని."

మెర్టెస్ పిల్లల వైపు చూశాడు. ముందు వరుసలో ఒక పాప లాంతరు కింద ముక్కు చీదుకుంటోంది. "ట్రాలీ ఎలాగూ కొట్టు దాకా వెళ్ళాలి," అన్నాడు చివరికి, అదంతా తన పథకంలో భాగమే అన్నట్టు. "దుప్పటి తీయకూడదు. కాళ్ళు ఆడించకూడదు."

స్వెన్యా ఎక్కి కూర్చుంది. ఆమె మోకాళ్ళకు అడ్డం వచ్చిన దుప్పటి ముందు భాగాన్ని ఎవరో పైకి మడిచారు. మడ్‌గార్డు బయటపడింది. అగ్నిమాపక దళం వాళ్ళు ట్రాలీకి తాడు కట్టి లాగారు, బాకాలు మోగాయి, పిల్లలు పాట అందుకున్నారు. సరిగ్గా అప్పుడే మూల తిరిగి యుప్ ట్రాక్టరు వచ్చి ఊరేగింపుకు ముందు నడిచింది. దాని వెనక తిరుగుతున్న పళ్ళెంలోంచి ఏదో ఎగిరి వీధంతా చిమ్ముతోంది.

టిక్ అంది మడ్‌గార్డు. టిక్, టిక్.

"యుప్! ఆపు! ఉప్పాపు!"

ఇంజను మోతలో యుప్‌కు వినపడలేదు. పిల్లలు ఇంకాస్త గొంతెత్తారు. మెర్టెస్ ఇంట్లోకి పరుగెత్తి నల్లగొడుగు పట్టుకొచ్చాడు. ట్రాలీ ముందు అంచు పక్కన నడుస్తూ, గొడుగును మడ్‌గార్డుకు అడ్డంగా చాచి పట్టుకున్నాడు. ట్రాలీ ఒడిదుడుకులకు గొడుగు ఒకసారి చక్రం మీదికి, ఒకసారి స్వెన్యా తల మీదికి లేస్తోంది. చూసేవాళ్ళకు మాత్రం, చర్చిలోంచి పేరు కొట్టేయించుకున్న మాస్టారు, పడుతున్న మంచులో, బట్టతలతో, పునీతుడికి ఛత్రం పడుతున్నాడు.

కిటికీల్లోంచి ఆడవాళ్ళు చూశారు. ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. చర్చి ఫాదరు నోర్బర్ట్ గారు వరుసలోంచి వచ్చి మెర్టెస్ పక్కన నడిచారు.

"నాకేం ఆశ్చర్యంగా లేదు మెర్టెస్ గారూ. ఎప్పుడో ఒకనాడు వస్తారని అనుకుంటూనే ఉన్నాను."

"ఫాదర్, నేను బండికి పడుతున్నాను."

"ప్రతివాళ్ళూ ఏదో ఒక వంకతోనే వస్తారు," అన్నారు ఫాదరు మృదువుగా.

"ఇది వంక కాదు, ఉప్పు."

"మీరే భూమికి ఉప్పు అని కదా ప్రభువు మనకు చెప్పింది," అని ఆయన సంతృప్తిగా వెనక్కి వెళ్ళిపోయారు. మెర్టెస్‌కు ఆ రోజు అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకున్న మాట అదే.

ఊరి చివరి మైదానంలో చితుకుల మంట వెలిగించారు. యుప్ ట్రాక్టరు దిగి, గోనె కప్పుకుని, మంట పక్కన మోకరిల్లాడు. బిచ్చగాడి వేషం ఏటా అతనిదే. పునీతుడు తన శాలువాను కత్తితో సగం చేసి బిచ్చగాడికి ఇవ్వాలి. శాలువా నిజానికి రెండు ముక్కలు. మధ్యలో వెల్క్రో పట్టీ ఉంటుంది. చెక్కకత్తి ఆనించి లాగితే చర్రుమని విడిపోతుంది. ఊళ్ళో పసిపిల్లలకు కూడా ఆ చప్పుడు తెలుసు.

స్వెన్యా వెనక్కి చెయ్యి పెట్టి, తడిసిన ఎర్రటి గుడ్డ అంచును దొరకబుచ్చుకుని లాగింది. రాలేదు. కత్తితో రుద్ది మళ్ళీ లాగింది.

"పట్టీ గడ్డకట్టినట్టుంది!" అన్నారెవరో.

"తొందరగా కానీ తల్లీ, మోకాళ్ళు పోతున్నాయి," అని గొణిగాడు బిచ్చగాడు.

"అది శాలువా కాదు!" అని మెర్టెస్ అరిచాడు. "అది దుప్పటి! నా దుప్..." బాకాల మేళం, ఈ విరామాన్ని కప్పిపుచ్చడం తమ ధర్మమనుకుని, గట్టిగా ఊదింది. అగ్నిమాపక దళం నాయకుడు, ప్రమాదంలో చిక్కినవారి సీటుబెల్టులు కోసే పరికరాన్ని నడుం నుంచి తీసి పునీతుడి చేతికి అందించాడు. అది చాలా మంచి పరికరం. ఎర్ర దుప్పటి నిలువునా రెండయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. యుప్ సగం దుప్పటి కప్పుకుని, ఎన్నడూ లేనంత వెచ్చగా ఉందని మెచ్చుకుని, అప్పుడు దాన్ని గుర్తుపట్టాడు.

బండిని కొట్టులోకి చేర్చి తాళం వేసి మెర్టెస్ ఇంటిదారి పట్టాడు. ఇర్మా పిల్లలకు పంచగా మిగిలిన రొట్టెబొమ్మను అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని తినకుండా పట్టుకునే నడిచాడు.

మర్నాడు పొద్దున్నే అతను సీసా, గాజు గొట్టాలు, మందుల దుకాణంలో కొన్న శుద్ధజలం పట్టుకుని కొట్టుకు వెళ్ళాడు. ఇర్మా వెంట వచ్చింది. యుప్ సగం దుప్పటిని మడత పెట్టి పట్టుకుని అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మెర్టెస్ మడ్‌గార్డును తుడిచాడు. చుక్క వేశాడు. నీరు తేటగానే ఉంది. ముందు చక్రాన్ని తుడిచాడు. తేటగానే ఉంది.

"మందు పాడైంది," అన్నాడు.

"మందేం పాడవలేదు మాస్టారూ. ఉప్పుంటే కదా! నిన్న పొద్దుట్నుంచీ చెబుదామనే చూస్తున్నాను, మీరు చెప్పనిస్తేగా. మీ పిటిషను గెలిచింది. ఈ యేటి నుంచి పంచాయతీ ఉప్పు మానేసింది. నిన్న చల్లింది లావా రాతి పలుకులు." యుప్ జేబులోంచి నల్లటి గరుకు పలుకు ఒకటి తీసి చూపించాడు.

మెర్టెస్ వంగి మడ్‌గార్డును చూశాడు. తండ్రి గీత వంకరపోయిన చోటుకు పక్కనే, పెసరగింజంత మేర రంగు ఎగిరిపోయి లోహం మెరుస్తోంది. ఇంకొక్క వెంట్రుకవాసి అటు తగిలితే వంకరే పోయేది. అతను దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఉప్పయితే ఇలా కొట్టదు," అన్నాడు.

"అడిగింది నువ్వే కదా," అంది ఇర్మా. కానీ మెల్లగా అంది.

మెర్టెస్ నిటారుగా లేచాడు. నిన్న చేసిన పొరపాటు ఇవాళ చేయదలచుకోలేదు. మందు మంచిదో కాదో తేలాలంటే రెండు నమూనాలు కావాలి. ఉప్పు తప్పక ఉండేది ఒకటి, ఉప్పు ఉండే అవకాశమే లేనిది ఒకటి. మొదటిదానికి ఇర్మా సంచిలోని ఉప్పు బిస్కెట్టు పనికొచ్చింది. నీరు పాలయింది. మందు మంచిదే.

"ఇక స్వచ్ఛమైన నీరు కావాలి," అని అతను సైలెన్సరు కిందికి వంగి డబ్బా తీశాడు. "ఇది గాలిలోంచి దిగిన నీరు. దీనికన్నా శుద్ధమైనది మేఘంలోనే ఉంటుంది."

గిన్నెలోంచి కొంత గొట్టంలో పోసి చుక్క వేశాడు.

నీరు పాలు కాలేదు. గడ్డపెరుగైంది.

మెర్టెస్ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. డబ్బా పైనుంచి ఒక గుళిక తీసి శుద్ధజలంలో కరిగించి, మళ్ళీ చుక్క వేశాడు. మళ్ళీ పెరుగు. చివరికి చిటికెన వేలు గిన్నెలో ముంచి నాలుకకు తాకించి ముఖం చిట్లించాడు: ఉప్పు. తరువాత కొక్కెం మీది తుప్పు మచ్చను, దాని కింద డబ్బా ఉన్న చోటును, ఒకదాని తరువాత ఒకటి చూశాడు. రెండూ ఒకే నిలువు గీతలో ఉన్నాయి.

"ఆ డబ్బా అక్కడ ఎవరు పెట్టారు?" అని అడిగింది ఇర్మా, తెలిసే.

"నేనే."

"ఏటా?"

"ఏటా."

యుప్ గొంతు సవరించుకున్నాడు. "మరి పిటిషను వెనక్కి తీసుకుంటారా మాస్టారూ?"

ప్రశ్న న్యాయమైనదే. మెర్టెస్ డబ్బాను రెండు చేతుల్లోకి తీసుకుని గుమ్మం వైపు నడిచాడు.

"పారబోసేదయితే ఇక్కడొద్దండీ," అన్నాడు యుప్. "మా గేటు దగ్గర పోయండి. మొరిట్జ్ ఇంకా లోపలే ఉన్నాడు."

మెర్టెస్ గేటు ముందు గిన్నె ఒంపి, గుళికలన్నీ చల్లాడు. షెడ్డులో దాచిన ఉప్పుగుళికల సంచులు కూడా తెచ్చి వాలంతా పరిచాడు. కాసేపటికి మంచుగడ్డ చిటపటలాడి, పగిలి, నీరైంది. గుర్రం తల బయటికి పెట్టి, వాసన చూసి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వీధిలోకి వచ్చింది.

ఆ చలికాలమంతా ఆ ఊళ్ళో వీధిలో ఉప్పు చల్లిన మనిషి ఒక్కడే, దాన్ని మాన్పించినవాడు.